ఆరో పడవ

అనంతపురం జిల్లాలో పుట్టినదానికి ఈ పడవల పిచ్చి ఎక్కడిదని నన్ను అడగనివాళ్లు లేరు. బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునే ఊరు మాది. ఇంజనీరింగ్ సీటు విశాఖపట్నంలో వచ్చింది. అక్కడ కాలేజీ ఎన్‌సీసీ కేడెట్లకు సముద్రం మీద తెరచాప పడవ నడపడం నేర్పేవాళ్లు. సర్టిఫికెట్ వస్తుందని చేరాను. మొదటిరోజే తెరచాపలో గాలి నిండి పడవ ఒక్క ఊపున ముందుకు దూకింది. ఇంజను లేదు, చప్పుడు లేదు. ఆ ఊపు నన్ను మళ్లీ వదల్లేదు. పెళ్లిచూపుల్లో కూడా పడవల గురించే మాట్లాడి మంచి సంబంధం చెడగొట్టుకున్నానని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఉద్యోగం హైదరాబాదులో దొరికింది. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం కడుతున్న గుండ్రటి అద్దాల భవనం అప్పుడప్పుడే లేస్తోంది. చుట్టూ బండరాళ్లు పేలుస్తుండేవాళ్లు. పేల్చే ముందు ఈల వేస్తే రోడ్డు మీద స్కూటర్లన్నీ ఆగిపోయేవి, దుమ్ము అణిగాక మళ్లీ కదిలేవి. హఫీజ్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని రోజూ ఆ దుమ్ములో పడి ఆఫీసుకు వెళ్లేదాన్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాములు ఎక్కడ చెడతాయో వెతికి చెప్పడం నా పని. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకమంతా బెంబేలెత్తుతున్న రోజులవి. తప్పును ఎంత ముందుగా పట్టుకుంటే మావాళ్లు అంత మురిసిపోయేవాళ్లు.

ఆదివారాలు ట్యాంక్‌బండ్‌కు వెళ్లేదాన్ని. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నడిపే సంఘం ఒకటి ఉండేది. నన్ను చేర్చుకున్నారు గానీ పడవ చేతికివ్వలేదు. మామూలు తెరచాప పడవను గాలి ఒక పక్కకు వాలుస్తుంది. లోపలున్నవాళ్లు రెండో పక్కకు ఒరిగి తమ బరువుతో దాన్ని నిలబెట్టాలి. నేను గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేంత సన్నంగా ఉండేదాన్ని. అందుకని గాలి లేని రోజున మాత్రం, తాడు పట్టుకోవడానికి నన్ను పిలిచేవాళ్లు. గాలి ఉన్నరోజు ఒడ్డున కూర్చోబెట్టి టీ ఇప్పించేవాళ్లు. చుక్కాని ఏ రోజూ ఇవ్వలేదు. ఆ టీలు తాగీ తాగీ నాకు టీ అంటేనే విరక్తి పుట్టింది.

అప్పుడే నాకు జంట పడవ గుర్తొచ్చింది. విశాఖలో ఒకసారి చూశాను. రెండు సన్నటి పడవలను ఎడంగా పక్కపక్కన పెట్టి, పైన అడ్డగొట్టాలు బిగించి, మధ్యలో వల కడతారు. మనం కూర్చునేది ఆ వల మీద. అంత వెడల్పు ఉంటుంది కాబట్టి నాలాంటి బక్కమనిషి నడిపినా తొందరగా ఒరగదు. తేలికగా ఉన్నవాళ్లకే అది ఎక్కువ పరుగు తీస్తుంది. సంఘం కార్యదర్శి మిలిటరీలో రిటైరైన పెద్దాయన. ఆయన దగ్గరికి వెళ్లి, ఈ పడవలకు పందెంలో వేరే విభాగం పెట్టండని అడిగాను.

ఆయన కాదనలేదు. "ఒకే అచ్చులో పోసిన పడవలు ఆరు తీసుకురా అమ్మా. వానాకాలం పోటీల్లో ఆరూ కలిసి గీత దాటితే ఆ రోజు నుంచి మీది సొంత క్లాస్. ఐదు తెస్తే మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు.

క్లాస్ అంటే ఇంతే. పడవలన్నీ ఒకటే కొలత, ఒకటే తెరచాప, ఒకటే తాడు. డబ్బున్నవాడు మంచి పడవ కొని గెలవడం కుదరదు. చేతిలో పనితనం ఉన్నవాళ్లే గెలుస్తారు. నేను చుక్కాని పట్టుకుని పందెంలో నిలబడాలంటే ఆ క్లాస్ రావాలి. రాకపోతే జీవితాంతం నాకు ఒడ్డూ, టీయే.

నా జీతానికి పడవ కొనే స్తోమత లేదు. అండగా నిలబడింది కర్నూలు నుంచి వచ్చిన ఒక ప్లాట్ల వ్యాపారి. శేరిలింగంపల్లి దాటాక ఒక చెరువు పక్కన పొలాలు కొని లేఅవుట్ వేస్తున్నాడు. మా కంపెనీకి ప్లాట్లు అమ్మడానికి వచ్చినప్పుడు పరిచయమయ్యాడు. నేను అన్నా అనేదాన్ని. చెరువులో రంగురంగుల తెరచాపలు తిరుగుతుంటే ప్లాట్లు కొనేవాళ్లు ఎగబడతారని చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి.

"మన సీమ పిల్లవి. నువ్వు ఫికర్ పడాకు మా. అచ్చు నేను పోపిస్తా, మనుషుల్ని నువ్వు పట్టుకోని రా" అన్నాడు.

బాలానగర్‌లో ఫైబర్‌తో నీళ్ల తొట్లు చేసే షెడ్డు ఒకటి ఉంటే, శనివారాలన్నీ అక్కడే కూర్చుని అచ్చు చేయించాను. మొదటి పడవ అన్న సొంతానికి. రెండోది లేఅవుట్ ఆఫీసు పేరు మీద. వచ్చినవాళ్లను తిప్పి చూపించడానికని దాన్ని నాకు అప్పగించాడు. పందెంలో దాని చుక్కాని నాదేనని మాట ఇచ్చాడు. నాకు తోడుగా, ముందు తెరచాప తాడు చూసుకోవడానికి, ఆఫీసులో నా పక్క కుర్చీ అమ్మాయిని చేర్చుకున్నాను. రాజమండ్రి వైపు పిల్ల. గోదావరి ఒడ్డున పెరిగి కూడా పడవ అంటే లాంచీ అనుకునేది. దానికి తాడు ముడి దగ్గర నుంచి నేర్పాను.

ఇక మిగతా నాలుగు పడవలకు మనుషుల్ని పట్టాలి. ఏడాది పాటు నేను చేసిన ప్రచారం ఏ ఎన్నికల్లో ఎవరూ చేసి ఉండరు. ఆఫీసు క్యాంటీన్ గోడకు బొమ్మలు అంటించాను. పెరుగన్నం తింటున్నవాళ్ల బల్లల దగ్గర నిలబడి గాలి ఎటు నుంచి వస్తే పడవ ఎటు పోతుందో ఉప్పుడబ్బా, నిమ్మకాయ పచ్చడి సీసా పెట్టి చూపించాను. ఆదివారం చెరువుకు రండి, ఊరికే తిప్పుతానన్నాను. వచ్చారు. జీన్సు ప్యాంట్లు, నల్లకళ్లద్దాలు, కెమెరాలు. ఫొటోలు దిగి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, "వెరీ నైస్ అండీ" అని వెళ్లిపోయారు. మగవాళ్లైతే వల మీద కాలు పెట్టీ పెట్టగానే చుక్కాని ఇమ్మనేవాళ్లు. స్కూటర్ వచ్చినవాడికి ఇదెంత అనేవాళ్లు. రెండు నిమిషాల్లో తుంగలోకి తీసుకెళ్లి గుచ్చేవాళ్లు. నడుం లోతు బురదలో దిగి పడవను నెట్టేది నేను.

ఎలాగో నలుగురు దొరికారు. అందరూ ఇంజనీర్లే, అందరూ అన్న దగ్గర ప్లాట్లు కొన్నవాళ్లే. అక్కడి నుంచి మొదలైంది అసలు గోల. అన్ని పడవలూ ఒకేలా ఉండాలంటే ఎవరికీ రుచించలేదు. తెరచాప మీద మూడంకెల నంబర్లు వరుసగా వెయ్యాలి. ఒకాయన తన నంబరు కూడితే తొమ్మిది రావాలని పట్టుబట్టాడు. ఇంకొకాయనకు ఎనిమిది వచ్చిందని వాళ్లావిడ రెండు వారాలు పడవ ముట్టుకోనివ్వలేదు. మరొకాయన వాళ్ల అత్తగారు పట్టుకోవడానికి స్టీలు కమ్మీ బిగించుకుని వచ్చాడు. దాన్ని ఊడదీయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "అందరివీ ఒకటే అయితే నాది అని ఎలా తెలుస్తుందండీ?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. గెలిచి తెలియజేయండి అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు.

వానాకాలం వచ్చింది. ఆరు పడవలూ సిద్ధం. పోటీ ముందురోజు వాటిని లారీల మీద ట్యాంక్‌బండ్‌కు తరలించాలి. ఆ ఉదయం చెరువు దగ్గర పూజ పెట్టుకున్నాడు అన్న. కొత్త బండికి పూజ చేయించనివాళ్లెవరు? నాకూ అభ్యంతరం లేదు. నేనే పువ్వులు కొని తెచ్చాను.

ఆరు పడవలూ పచ్చగడ్డి మీద వరుసగా పెట్టాం. ఊళ్లో గుడి పూజారి వచ్చి పసుపూ కుంకుమా పెట్టాడు. కొబ్బరికాయ దగ్గరికి వచ్చేసరికి కొట్టడానికి రాయి లేదు. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు రాతిగుండ్లే. లేఅవుట్ కోసం అన్న మొత్తం పేల్పించి, క్రషర్‌కు తోలించి, మెత్తటి గడ్డి పరిపించాడు. అందరూ కాసేపు అటూ ఇటూ వెతికారు. అన్నకు ముహూర్తం దాటిపోతుందని తొందర. కొబ్బరికాయ పైకెత్తి నేరుగా తన పడవ ఎడమ ముక్కు వైపు తిరిగాడు.

ఆ ముక్కు గోడ మందం ఎంతో నాకు తెలుసు. పోస్తున్నప్పుడు పక్కనే ఉన్నాను. తేలికగా ఉండాలని పల్చగా పోయించింది నేనే. నీళ్లు తగిలితే ఏమీ కాదు, గట్టి దెబ్బ పడితే ఓర్చుకోదు.

"వద్దన్నా! పగులుతుంది!" అని అరిచాను.

పూజారి చేతిలో గంట ఆగిపోయింది. "గట్ల అనద్దు బిడ్డా. పూజల మంచిమాట పలకాలె" అన్నాడు మెల్లగా. అన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన కొట్టాడు. ఒక్క దెబ్బకు కాయ పగల్లేదు. మూడు సార్లు కొట్టాడు. తరువాత పూజారే భయపడి మిగతా పడవలకు కాయలు ఎక్కడి నుంచో పలుగు తెప్పించి దాని మీద కొట్టించాడు.

నేను వంగి చూశాను. ముక్కు కింద వెంట్రుకంత గీత పడింది. వేలితో నొక్కితే లోపలికి వెళ్తోంది. చూపిద్దామని అన్నను పిలిచేలోపు ఆయన భార్య అక్కడ గంధం అద్ది, పైన ఇంత కుంకుమ పెట్టింది. గీత కనబడకుండా పోయింది.

"అన్నా, పైన ఒక పూత వేసి రాత్రంతా ఆరనిస్తే చాలు. ఈ ఒక్క పడవను రేపు పొద్దున తీసుకెళ్దాం" అన్నాను.

"ముహూర్తానికి ఆరూ కదలాల. దారిలో ఆపేది ల్యా."

"పోనీ టేపన్నా అంటించనివ్వు. గంధం తుడిచి..."

"పూజ చేసినదాన్ని తుడుస్తావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. అంతకంటే గొంతు పెంచితే బాగుండేది. గంధం మీదే టేపు అంటించి చూశాను, నిలవలేదు. లారీ హారన్ కొట్టింది.

మర్నాడు హుస్సేన్ సాగర్ మీద నేను కోరుకున్న గాలి వీచింది. నీళ్లు పొంగి పొంగి పడుతున్నాయి. ఒక పక్క కార్యదర్శి పడవ మీద జెండా, రెండో పక్క నీళ్ల మీద తేలే నారింజ రంగు డబ్బా. రెండింటికీ మధ్య గీత ఉన్నట్టు అనుకోవాలి. ఈల మోగేదాకా దాని ఇవతలే తిరుగుతుండాలి, మోగగానే దాటాలి. నా చేతిలో చుక్కాని, ముందు మా రాజమండ్రి పిల్ల. పడవ మేం చెప్పినట్టు వింటోంది. నా బరువు చాలదని ఆ రోజు ఎవరూ అనలేదు.

అన్న పడవ మా పక్క నుంచి దూసుకుపోయింది. పగులులోంచి నీళ్లు చేరి ఎడమ ముక్కు కిందికి దిగి ఉంది. ఆయన అది వేగమనుకుంటున్నాడు. "చూడు మా, ఎట్ల దూకుతాందో!" అని కేకేశాడు. ఒడ్డుకు వెళ్లిపొమ్మని నేను అరిచాను. గాలికి వినిపించలేదో, వినదలుచుకోలేదో. ఇంకో రెండు అలలు వచ్చేసరికి ముక్కు పూర్తిగా మునిగి, వెనక భాగం లేచి, పడవ ముందుకు పల్టీ కొట్టింది. లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి ప్రాణాలకు ఏమీ కాలేదు. కాపలా పడవ వచ్చి వాళ్లను లాగింది.

ఈల మోగింది. గీత మొదట దాటింది నేనే. ఐదు పడవలే దాటాయి. ఆరు లేవని కార్యదర్శి మా విభాగం జెండా దించేశాడు.

ఒడ్డుకు వచ్చి ఆయన్ను బతిమాలాను. మధ్యాహ్నం పందేనికి పూత వేసి తెస్తానన్నాను. అది ఆరదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "రూల్ రూలేనమ్మా. వచ్చే వానాకాలం ఆరుతో రా, మాట మాటే" అన్నాడు. చెడ్డమనిషి కాదు. ఆయన మీద నాకు కోపం లేదు.

కోపమంతా ఆ తరువాత జరిగినదాని మీద. అన్న పడవను గడ్డి మీదకు లాగారు. గంధం, కుంకుమ కొట్టుకుపోయి జానెడు పగులు నోరు తెరుచుకుని ఉంది. అందరినీ పిలిచి చూపించాను. కొబ్బరికాయ దెబ్బ పడింది సరిగ్గా ఇక్కడేనని చెప్పాను. అన్న తల తుడుచుకుంటూ విన్నాడు.

"ఎన్ని బండ్లకు పూజ చేపించలేదు నేను? ఎప్పుడూ ఏమీ కాల్యా. పూజలో పగులుతుందని అన్న్యావు, పగిలింది. నీ నోటితో నువ్వే అన్న్యావు కదమ్మా" అన్నాడు.

మిగతావాళ్లైనా నవ్వేస్తారనుకున్నాను. ఇంజనీర్లు కదా. ఒక్కరూ నవ్వలేదు. స్టీలు కమ్మీ ఆయన, "కొన్ని సెంటిమెంట్స్ ఉంటాయండీ. ఆ వర్డ్ అవాయిడ్ చెయ్యాల్సింది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ ప్రోగ్రాం చెడుతుందని నేను రోజూ చెబుతున్నాను. అప్పుడు జీతమిస్తున్నారే! అదీ నా నోటివల్లే చెడుతోందా?" అన్నాను. ఇంటికి వస్తుంటే స్కూటర్ వెనక కూర్చుని మా రాజమండ్రి పిల్ల నెమ్మదిగా అంది, "మీరన్నది కరక్టేనండీ. కానీ ఆ టైములో ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదండీ." నేను స్కూటర్ ఆపలేదు. ఆపితే అక్కడే దింపేసేదాన్ని.

అయినా సిగ్గు లేకుండా మళ్లీ మొదలుపెట్టాను. అన్న పడవకు నేనే పూత వేసి, అరగదీసి, రంగు వేసి ఇచ్చాను. మానేస్తామన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చుని బతిమాలాను. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు నాకు మంచినీళ్లిచ్చి, పసిపిల్లలను మాత్రం లోపలికి తీసుకెళ్లిపోయేవాళ్లు. ఇది నా ఊహేమో అని చాలాసార్లు అనుకున్నాను. ఊహ కాదు. నేను ఏ పిల్లనైనా చూసి ఏదైనా అంటానని వాళ్ల భయం.

మళ్లీ వానాకాలం దగ్గరపడ్డాక అన్న లేఅవుట్ ఆఫీసుకు పిలిచి కాఫీ ఇప్పించాడు. మర్యాదకు ఏ లోటూ లేదు.

"ఈసారి శాంతి చేపిస్తాండాం. పూజకు మాత్రం నువ్వు రాకు మా. పూజ అయినాంక రా" అన్నాడు.

మింగాను. ఆరు పడవలు గీత దాటాలి, అంతే అనుకున్నాను. తల ఊపాను. ఆయన ఇంకా ఏదో చెప్పాలన్నట్టు కప్పు అటూ ఇటూ జరిపాడు.

"చుక్కాని కూడా... ఆ రాజమండ్రి పాపకు ఇచ్చినాం. మిగతావాళ్లు నువ్వు ఉంటే రామంటాండారు. నేనేం చేసేది? నీ పేరు అందరికీ చెప్తాం లే."

"మాట ఇచ్చావన్నా" అన్నాను. ఆయన కిటికీలోంచి చెరువు వైపు చూశాడు. నాకు ఆ కాఫీ అతని మొహాన కొట్టాలనిపించింది. తాగేసి వచ్చాను. నేను కాదంటే ఆయన ఆ పడవను తీసేస్తాడు, ఆరు ఐదవుతాయి. నేను నోరు మూసుకోవడానికి అదొక్కటే కారణం. ఆఫీసులో పక్క కుర్చీలోంచి ఆ పిల్ల, "పిలిచాక కాదంటే బావుండదు కదండీ" అంది. కంప్యూటర్ తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. నేర్పినదంతా బాగా నేర్చుకుంది.

పోటీ రోజున ట్యాంక్‌బండ్ పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. ఈసారి పూజకు రాయిని జీపులో వేసుకొచ్చారని, కాయలన్నీ దాని మీదే కొట్టారని తరువాత విన్నాను. ఈల మోగింది. ఆరు తెరచాపలూ ఒక్కసారి గాలి నింపుకున్నాయి. ఒకటి, రెండు, మూడు అని వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆరోది గీత దాటాక కార్యదర్శి కొత్త జెండా ఎగరేశాడు. క్లాస్ వచ్చింది. ముందు వెళ్తున్న పడవ మీద మా రాజమండ్రి పిల్ల నేను చెప్పినట్టే వెనక్కి ఒరిగి కూర్చుని ఉంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషం పది పైసలు ఉంటే మిగతాదంతా కడుపుమంట.

పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే ముసలామె విసనకర్ర ఆపి నన్ను చూసింది. "మీవోళ్లున్నరా బిడ్డా, గా పడవలల్ల?" అని అడిగింది.

ఆరింటికీ అచ్చు పోయించింది నేను, ఆ కూర్చున్నవాళ్లందరికీ తాడు పట్టడం నేర్పింది నేను అని చెబుదామనుకున్నాను.

"ఎవరూ లేరమ్మా" అన్నాను.